తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో కుక్కల్ని ఇసుక మీద వదలకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది అమలాపురం. సంక్రాంతి హడావిడి అయ్యాక ఒక శనివారం నేనూ మా తమ్ముడూ మా కుక్క చిట్టిని వెంటేసుకుని గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే వైపు వెళ్ళి ఒక రాత్రి టెంట్ వేసుకుని ఉన్నాం, అక్కడ జరిగింది మీ పేపర్ ద్వారా నలుగురికీ తెలియాలని రాస్తున్నా.

పగలంతా చాలా బాగా గడిచిందండి. గాలి కొట్టే కయాక్ పడవ మాది, చిట్టికి కూడా లైఫ్ జాకెట్ వేసి ముందు కూర్చోబెట్టాం. పోటు మీద బయల్దేరితే నీళ్ళే మడ చెట్ల మధ్యకి తోసుకెళ్తాయి, పాటు మొదలై నీళ్ళు తీస్తుండగానే వెనక్కి తిరిగిపోవాలి లేకపోతే బురదలో ఇరుక్కుంటారని రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక బాబాయ్ ముందే చెప్పారు, తిల్ల చెట్ల జోలికి పోవద్దు, ఆ పాలు కంట్లో పడితే కష్టమని కూడా ఆయనే చెప్పారు. లోపల బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు మడ వేర్లు, వాటి మధ్య గెంతే బురద చేపలు, ఒక్క గిట్ట ఊపుతూ చిన్న చిన్న పీతలు, పైన గరుడ పక్షి. మలుపు తిరగ్గానే నీటికుక్కలు! అయిదో ఆరో ఉన్నాయి, తలలు పైకెత్తి మా వంకే చూస్తున్నాయి, ఒకటి మాత్రం మమ్మల్ని పట్టించుకోకుండా చేపని కరకరా నమిలేస్తోంది. మా చిట్టి మొరుగుతుందేమో అనుకున్నా, లేదండి, చెవులు నిక్కబొడుచుకుని అలా చూస్తూ ఉండిపోయింది, మేం తెడ్డు ఎత్తేసి కదలకుండా కూర్చున్నాం. పుట్టి పెరిగింది ఇక్కడే, నీటికుక్కల్ని చూడ్డం మాత్రం అదే మొదటిసారి.

రాత్రి నక్కలు కూశాయి, చిట్టిని టెంట్ లోపలే కట్టేశాం. తెల్లారాక మనుషులెవరూ లేరు కదా అని తాడు విప్పేశా. తప్పు అక్కడే చేశా. టీ కాచుకునేలోపు అది అల్లంత దూరంలో ఇసుక తవ్వేస్తోంది, పరిగెత్తుకెళ్ళి చూస్తే తెల్లగా పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు, నాలుగు పగిలిపోయి ఉన్నాయి. పక్కనే సముద్రం దాకా చిన్న ట్రాక్టర్ నడిచినట్టు జాడ ఉంది, రాత్రి తల్లి తాబేలు వచ్చి పెట్టి వెళ్ళిందన్నమాట. ఆ బాబాయ్‌కి ఫోన్ చేస్తే మిగతావి కదపకుండా అదే ఇసుక కప్పేసి కుక్కని కట్టేయమన్నారు, అటవీ శాఖ వాళ్ళకి కబురు కూడా ఆయనే పెట్టారు, వాళ్ళు వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నా. ఆ నాలుగు గుడ్లూ నా వల్లే పోయాయండి.

మన తీరానికొచ్చే ఈ ఆలివ్ రిడ్లే సముద్ర తాబేలు ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు పెడుతుంది, పిల్లలు బయటికి రావడానికి ఇంచుమించు 50 రోజులు పడుతుంది, అన్ని రోజులూ ఆ గూడు కాపలా లేకుండానే ఉంటుంది. పుట్టినవాటిలో పెద్దయ్యేవి చాలా తక్కువ. 1972 వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జీవి ఇది. నక్కలూ ఊర కుక్కలూ చేసే నష్టం ఎలాగూ ఉంది, దానికి తోడు మనం ముద్దుగా పెంచుకునేవాటిని కూడా తెచ్చి వదిలితే ఎలా?

ఇప్పుడు కోనసీమకి క్యాంపింగ్‌కని కుక్కలతో వచ్చేవాళ్ళు పెరిగారు. రావద్దని నేననను, చిట్టి లేకుండా నేనూ వెళ్ళను. కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం ఒడ్డున టెంట్ వద్దు, పైన గోదావరి లంకల్లో వేసుకోండి, అక్కడైనా తాడు విప్పకండి, టీకాలన్నీ వేయించే తీసుకురండి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి అయితే 1978 నుంచి అభయారణ్యం, అక్కడ చేపలు పట్టుకు తినే బావురుపిల్లులున్నాయి, కుక్కల నుంచి డిస్టెంపర్, రేబిస్ లాంటి జబ్బులు వాటికి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి అటు కుక్కని అసలు తీసుకెళ్ళకండి. రాత్రి ఒడ్డున పెద్ద లైట్లు కూడా పెట్టకండి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు పోకుండా ఆ వెలుగు వైపు పాకుతాయి.

పంచాయతీ వాళ్ళు ప్రతి రేవు దగ్గరా ఈ నాలుగు మాటలతో ఒక బోర్డు పెడితే చాలండి, రంగు ఖర్చు నేనిస్తా. మీరు కూడా ఏటా జనవరిలో జిల్లా పేజీలో ఒకసారి ఇది వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం