2025–26 వార్షిక నివేదిక: ఇంటింటా సైన్స్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉపన్యాసాలు బాగా తగ్గించాం. అనంతపురం ఇళ్లల్లో రోజూ తాగేవి, తినేవి ముందు పెట్టుకుని మాట్లాడాం. పెద్ద వక్తలను పిలవమని కొందరు సూచించారు గానీ, జనం నోరు తెరిచి ప్రశ్న అడగడమే మాకు ముఖ్యమనిపించింది.

ఎక్కువ సమయం నీళ్లకే ఇచ్చాం. సభ్యులు తెచ్చిన బోరు నీళ్లను ఫ్లోరైడ్ కిట్‌తో వాళ్ల కళ్లముందే పరీక్షించాం. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్నకొద్దీ అది పసుపు వైపు తిరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం.

“మేం కాచి చల్లార్చే తాగుతాం, ఇంకేం టెన్షన్?” అని చాలామంది అన్నారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. మామూలు క్యాండిల్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు, ఆర్వో చాలావరకు ఆపుతుంది. మన దగ్గర ఫ్లోరైడ్ ఎందుకింత అంటే, వానలు తక్కువ, బోర్లు లోతు. గ్రానైట్ రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు రాళ్లలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. పళ్లు ఏర్పడే వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల వాటిపై పడిన మచ్చలు తర్వాత వాటంతటవి పోవు. అందుకే చిన్నపిల్లలున్న ఇళ్ల నీళ్లు ముందు చూశాం.

చెనిక్కాయల బూజు గురించీ మాట్లాడాం. పంట చివర్లో వాన ముఖం చాటేస్తే కాయ భూమిలో ఉండగానే బూజు పడుతుంది, సరిగా ఆరకపోతే నిల్వలో ఇంకా పెరుగుతుంది. అది వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. ఊరిబిండికి (చెనిక్కాయల పచ్చడికి) వేయించే ముందే ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరిపారేయాలి. ఏరినవి పశువులకు వేయొద్దని మరీ మరీ చెప్పాం, ఆ విషం పాలల్లోకీ వస్తుంది.

ఏప్రిల్ చివర్లో మిద్దె మీద స్టీలు గ్లాసు బోర్లించి, మధ్యాహ్నం 12.15 దాటాక దాని నీడ మాయమవడం పిల్లలతో కలిసి చూశాం. కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నడినెత్తికి వస్తాడు. ఆగస్టు రెండో వారంలో మళ్లీ చూడొచ్చు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది వేసవికి ముందొకసారి, వానల తర్వాత ఇంకోసారి అవే బోర్ల నీళ్లు పరీక్షించి పోల్చాలని కార్యవర్గం తీర్మానించింది. నీళ్లు తెచ్చేవాళ్లు బోరు నీళ్లను కొద్దిసేపు పారనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, ఏ బోరువో, ఏ తేదీన పట్టారో పైన రాసి తేవాలని మనవి.