అన్నం మానేశానన్న కొడుక్కి

చిన్నా,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పినదానికి అప్పుడే జవాబు చెప్పబోయాను. నీకేదో మీటింగు ఉందన్నావు. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చేయలేవు కదా అని కాగితం తీశాను. కోడలమ్మాయికి కూడా చదివి వినిపించు, ఇందులో సగం వంటింటి సంగతులే.

అన్నం పూర్తిగా మానేశానని, పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గానని ఎంత సంబరంగా చెప్పావో! నీ సంబరం చెడగొట్టాలని కాదు గానీ ఒక లెక్క చెప్పాలి. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. నాలుగు కిలోలకు ముప్పై వేల పైచిలుకు. పది రోజులకు పంచితే రోజుకు మూడు వేలు. నువ్వు ఉత్త మంచినీళ్లు తాగి కూర్చున్నా రోజుకు అంత లోటు రాదు. మరి తగ్గిందేమిటి? మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండల్లో నిల్వ ఉంటుంది. ఆ గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే నిల్వ ఖర్చవుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. తడి దుప్పటి ఆరితే బరువు తగ్గినట్టే ఇదీ, నూలుపోగు ఒక్కటీ తగ్గదు. రేపు ఏ పెళ్లిలోనో కడుపునిండా భోంచేశావంటే మూడో రోజుకల్లా ఆ నీరు తిరిగి వస్తుంది. అప్పుడు నువ్వు మనసు విరిగి అంతా వదిలేస్తావు.

ఆ మధ్య కొబ్బరినూనె, నిమ్మకాయల పథ్యం ఊరూరా ఊపేసినప్పుడు మా స్టాఫ్‌రూములోనూ కొందరు పట్టారు. మొదటి వారం అందరి మొహాలూ వెలిగిపోయాయి. తర్వాత సంక్రాంతి వచ్చింది. ఇక చెప్పేదేముంది!

నీ రిపోర్టు జాగ్రత్తగా చదివాను. కాలేయంలో కొవ్వు మొదటి దశ, రక్తంలో మూడు నెలల చక్కెర సగటు చూపే హెచ్‌బీఏ1సీ 5.9. అది 6.5కు చేరితే మధుమేహం అంటారు, 5.7 నుంచి 6.4 దాకా దాని ముందు దశ. అంటే డాక్టరు నిన్ను భయపెట్టలేదు, సమయం ఉండగా చెప్పాడు. "ఆఫీసులో నాకంటే లావు వాళ్లు చాలామంది ఉన్నారమ్మా" అన్నావు. వాళ్లతో మనకు పని లేదు. నీ ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ 27 పైన. మన భారతీయులకు 23 దగ్గరే అధిక బరువు మొదలవుతుంది, 25 నుంచి ఊబకాయం కిందే లెక్క. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. నీ ప్యాంటు సైజు నాకు తెలుసు, కాబట్టి దాని గురించి వాదన వద్దు.

మనకు ఆ గీత కింద ఎందుకు గీశారో తెలుసా? పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. కొవ్వు కొలిస్తే ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం! కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి కొవ్వంతా పొట్టలో చేరడం మనవాళ్లలో ఎక్కువ. మీ నాన్నదీ అదే వాటం, నీదీ అదే. అందుకే తూకం యంత్రాన్ని రోజూ ఎక్కి దిగడం ఆపు. నీకు తగ్గాల్సింది నడుము, పెరగాల్సింది కండ. బరువు ఒక్కటే పట్టుకుంటే కొవ్వుతోపాటు కండా కరిగిపోతుంది. కండ పోయిన ఒంటికి తర్వాత అదే కూడు ఎక్కువైపోతుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం, నీలాగే మధుమేహం అంచున ఉన్నవాళ్లను మూడేళ్లపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలుగా వదిలేసిన వాళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండి సరిచేసుకుని నడకకు అలవాటు పడిన వాళ్లలో 39 శాతం మందికే వచ్చింది. వాళ్లేమీ సన్నబడిపోలేదు. బరువులో చెప్పుకోదగ్గ తేడా లేకుండానే ఆ మేలు జరిగింది. కాలేయం సంగతి కొంచెం వేరు, దానికి బరువూ తగ్గాలి. ఉన్నదానిలో 5 శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. నీకు 7 శాతమంటే ఆరు కిలోల లోపే. వారానికి అరకిలో చొప్పున చూసుకో. కాలేజీ రోజుల నాటి 62 కిలోలకు ఎవరూ తిరిగి పొమ్మనడం లేదు.

ఇక అన్నం. పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు నీ కంచం చూశాను. అన్నం గుట్టగా ఉంది, దాని పక్కన బెండకాయ వేపుడు గోరంత. పప్పు పేరుకే పప్పు, గరిటె తిప్పితే అడుగు కనిపిస్తోంది. ఆవకాయ మీద నూనె తేలుతోంది. ఆఖర్న పెరుగన్నానికి మళ్లీ రెండు హస్తాలు. తప్పు అన్నానిది కాదు. కంచంలో మిగతావాటికి చోటు లేకుండా పోయింది, అదీ సంగతి. దాన్ని ఏకంగా మానేశావు, ఇప్పుడు కంచంలో ఏముంది? సూపు, దోసకాయ ముక్కలు, వాటితోపాటు ఆ పెద్ద డబ్బాలోని ప్రోటీన్ పొడి.

నీకు తార్నాక దగ్గరే కదా, అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ. వాళ్లు 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చారు. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నారు. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదన్నారు. మన ఇళ్లలో అది చాలా ఎక్కువ. ప్రోటీన్ పొడులు మామూలు మనుషులకు వద్దని కూడా అన్నారు. ఆ డబ్బాకు పెట్టిన డబ్బుతో ఇంట్లోకి ఎన్ని గుడ్లు వచ్చేవో అమ్మాయిని అడుగు.

కాబట్టి మధ్యాహ్నం అన్నం తిను, ఒక కప్పుతో కొలిచి తిను. ముందు కూర, పప్పు, తర్వాతే అన్నం. పప్పు చిక్కగా చేయించు, మనిషికి యాభై గ్రాముల పప్పు పడాలి, అందులో పదకొండు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పొద్దున రెండు గుడ్లు. వారంలో రెండు మూడు రోజులు చేప, అదీ పులుసు గానీ పెనం మీద గానీ. పెరుగు ఎలాగూ ఉంది. నీ బరువుకు రోజుకు సుమారు 67 గ్రాముల మాంసకృత్తులు కావాలి, చాలావరకు వీటితోనే వస్తాయి. పెసరట్టు మంచిది, ఉప్మాతో కలిపి కాదు. రాగులు, కొర్రలు మంచివేనని అదేపనిగా తినకు. రాగుల్లో కాల్షియం, పీచు ఎక్కువే గానీ పిండిపదార్థం బియ్యానికి మరీ తీసిపోదు. రెండు ముద్దల రాగిసంగటి తిని పథ్యం చేశానంటే నేను నవ్వుతాను.

నూనె మీద నాకు కోపం ఉంది. చిన్న చెంచాడు నూనె 45 కేలరీలు. వేపుళ్లు, పొడిలోకి నూనె, ఆవకాయ తేట, ఇవేవీ ఎవరూ లెక్క వేయరు. మీ ఇద్దరికీ కలిపి నెలకు లీటరున్నర సరిపోవాలి. ఒకటో తారీఖున సీసాలో పోసి పెట్టమను, అది అయిపోతే మళ్లీ కొనవద్దు. నాలుగు టీలలో రెండేసి చెంచాల చక్కెర అంటే రోజుకు 40 గ్రాములు. పాతిక దాటకపోతే మంచిదంటారు, అది కూడా తిండి మొత్తం మీద. టీ తాగు, చక్కెర తగ్గించుకుంటూ రా. రాత్రి పదిన్నరకు ఫోనులో తెప్పించుకునే బిర్యానీ గురించి నేనేమీ అనను. నీకే తెలుసు.

శనివారం రాత్రుల సంగతి నాకు తెలియదనుకుంటున్నావేమో. కాలేయంలో కొవ్వు ఉన్నవాడికి మందు పూర్తిగా కట్. దాని మీద చర్చ లేదు.

వ్యాయామం దగ్గర మాత్రం నా మాట వినక తప్పదు, ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా చేసినదాన్ని. రోజుకు పదివేల అడుగులు పూర్తికాలేదని రాత్రి పదకొండుకు హాల్లో చుట్లు తిరుగుతున్నావట. ఆ పదివేలు ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకుంటూ పెట్టిన అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన కదలిక, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండలకు పని. మొదటి ముక్క అందరికీ వినిపిస్తుంది, రెండోది ఎవరి చెవికీ ఎక్కదు. గంట నడిస్తే నీకు మూడు వందల కేలరీలు ఖర్చవుతాయేమో, సాయంత్రం ఓ పొట్లం మిరపకాయ బజ్జీలతో చెల్లు. నడక వద్దనడం లేదు. భోంచేశాక పదిహేను నిమిషాలు నడువు, రక్తంలోకి వచ్చిన చక్కెరను కాళ్ల కండలు అప్పటికప్పుడే వాడేసుకుంటాయి. కానీ ఆ కండలంటూ ఉండాలి కదా.

బస్కీలు మొదలుపెట్టు. వట్టిగా వద్దు, కుర్చీతో. కుర్చీకి వీపు పెట్టి నిలబడు. పాదాలు భుజాలంత ఎడంగా ఉండాలి. ముందు పిరుదులు వెనక్కి పోవాలి, ఆ తర్వాతే మోకాళ్లు వంగాలి. మడమలు నేలను వదలకూడదు. కుర్చీ అంచు తగిలీ తగలకముందే లే. లేచేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి ముడుచుకుంటుంటే తొడల్లో సత్తా చాలలేదని అర్థం, అక్కడితో ఆపు. మా కబడ్డీ పిల్లలకు మొదటి నెలంతా ఇదే పని పెట్టేదాన్ని, తిట్టుకుంటూ చేసేవారు. దండీలు నేల మీద రాకపోతే గోడకు చెయ్యి, తర్వాత బల్లకు, తర్వాత నేలకు. రెండు నెలలు పోయాక ఎవరైనా తెలిసినవాడి దగ్గర బరువులు ఎత్తు. అమ్మాయినీ తీసుకెళ్లు. ఆడవాళ్లకు బరువులేమిటని అక్కడ ఎవరైనా అంటే, మా శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందని చెప్పమను. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఆ పోటీ పెట్టిందే ఆ ఏడు.

అమెరికా వాళ్లతో కాల్స్ అని రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటే మర్నాడు ఆకలి పెరుగుతుంది, చెయ్యి తియ్యటి వాటి మీదికే పోతుంది. వారంలో కనీసం మూడు రాత్రులైనా పన్నెండు లోపు పడుకునేలా మీ మేనేజరుతో మాట్లాడు. నా కొడుకు అడగడానికి మొహమాటపడతాడని తెలుసు, అయినా అడుగు.

ఆదివారం మామయ్య వస్తున్నాడు, అతనితో కొత్త ఉలవలు పంపుతున్నాను. రాత్రి నానబెట్టి ఉడికించి, నీళ్లతో చారు పెట్టుకోండి, గింజలతో గుగ్గిళ్లు చేసుకోండి. చారులో వెన్నముద్ద వేసుకునే అలవాటు మానండి. సాయంత్రం ఆకలికి ఆ గుగ్గిళ్లే ఆఫీసుకు డబ్బాలో పట్టుకెళ్లు.

హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష మళ్లీ వచ్చే నెలే చేయించుకుంటానన్నావు. డబ్బు దండగ. ఆ పరీక్ష చూసేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను. వాటి ఆయుష్షు నాలుగు నెలల దాకా ఉంటుంది, మూడు నెలలకు ముందు అంకె పూర్తి నిజం చెప్పదు. ఇప్పుడే కదా దసరా వెళ్లింది, సంక్రాంతికి బయలుదేరే ముందు చేయించు. అప్పటిదాకా ఆదివారం పొద్దున్నే, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు పెట్టి, పొట్ట లోపలికి లాగకుండా కొలిచి నాకు చెప్పు. కిలోలు చెప్పకు.

పండక్కి అరిసెలు చేస్తాను. వచ్చి రెండు తిను, నాలుగైనా తిను. ఎప్పటిలా డబ్బా కట్టి హైదరాబాదు బస్సు ఎక్కించడం మాత్రం ఈసారి ఉండదు.

మీ అమ్మ