బోట్లు ఉన్నాయో లేవో ఘాట్‌కెళ్తేగానీ తెలీదా?

విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా నీటిమట్టం ఎంతుందో, ఆ రోజు భవానీ ద్వీపానికి బోట్లు తిరుగుతాయో లేదో జనానికి ముందుగా చెప్పే నాథుడే లేడు. పేపర్లో ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, అవుట్‌ఫ్లో ఇన్ని అని వస్తుంది, అది రైతులకి పనికొస్తుంది కానీ ఆదివారం పిల్లల్నేసుకుని గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకి దాంతో ఏం తెలుస్తుంది చెప్పండి. బ్యారేజీ నిండు మట్టం 12 అడుగులు, పట్టేది 3 టీఎంసీల పైచిలుకు అంతే, పైనున్న పులిచింతల డ్యామ్ నుంచి ఎక్కువ వదిలినా, కృష్ణలో కలిసే మునేరు పొంగినా గేట్లు ఎత్తాల్సిందే, బోట్లు ఆపాల్సిందే. ఆపడాన్ని తప్పుపట్టట్లేదు, 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి కొట్టుకొచ్చిన పడవలు గేట్లని ఎలా గుద్దాయో అందరం చూశాం. ఆపిన సంగతి చెప్పకపోవడమే నా కంప్లైంట్. వానల్లో ఓసారి చూశా, టికెట్ కౌంటర్ మూసేసి ఉంది, చిన్న కాగితం కూడా అంటించలేదు, పులిహోర డబ్బాలు పట్టుకుని జనం మెట్ల మీద కూర్చున్నారు, వాచ్‌మన్‌ని అడిగితే "పైనుంచి నీళ్లొస్తున్నాయంట" అన్నాడు, మళ్లీ ఎప్పుడు మొదలెడతారో ఆయనకీ తెలీదు పాపం. ప్రతి ఘాట్ ఎంట్రన్స్‌లో ఓ పెద్ద బోర్డు పెట్టి పొద్దున్నే మట్టం ఎన్ని అడుగులు, బోట్లు ఉన్నాయా లేవా రాయండి, అదే ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టండి, పేపర్ వాళ్లు మీరు కూడా సిటీ పేజీలో వాతావరణం పక్కన ఒక్క లైను వేయండి. నీటిమట్టం లెక్క రోజూ ఎలాగూ తీస్తున్నారు, కొత్తగా ఖర్చయ్యేది ఓ సుద్దముక్క.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు