ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగ్ సంగతి

అందరికీ నమస్తే అండి. నిన్నటి నుంచి గ్రూప్‌లో గ్రేట్‌స్కూల్స్ (స్కూళ్లకి 10కి ఇంత అని రేటింగ్ ఇచ్చే వెబ్‌సైట్) స్క్రీన్‌షాట్లే తిరుగుతున్నాయి, 9 వస్తే ఓకే 6 వస్తే వద్దు అన్నట్టు. ఆ ఒక్క నంబర్ చూసి ఇల్లు ఫైనల్ చేసుకోకండి ప్లీజ్.

మన టెక్సస్‌లో ఆ రేటింగ్‌కి ఆధారమైన స్టార్ టెస్టు (స్టేట్ పెట్టే పరీక్ష) 3వ క్లాస్ నుంచే, 3, 4, 5 వాళ్లకి రీడింగ్, మ్యాథ్స్, 5లో సైన్స్ కూడా. మీ బుడ్డోడు ఇప్పుడు కేజీలో చేరుతుంటే వాడి టీచర్ గురించి ఆ స్కోరు చెప్పేదేం లేదు. టీఈఏ (టెక్సస్ విద్యాశాఖ) సైట్‌లో స్కూల్ పేరు కొడితే ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ వస్తుంది, దాని కింద స్కూల్ ప్రోగ్రెస్ అని ఉంటుంది, అసలు మ్యాటర్ అక్కడుంది, పిల్లలు పోయిన ఏడాది కంటే ఎంత ముందుకెళ్లారు, తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలు దాదాపు అంతే శాతం ఉన్న వేరే స్కూళ్లతో పోలిస్తే ఎలా ఉంది అని.

ఇక "అక్కడ స్పానిష్ పిల్లలు ఎక్కువంట" అనేవాళ్లకి, అడ్మిషన్ అప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వేలో మీరు తెలుగు అని రాస్తే మీ పిల్లాడికీ ఇంగ్లిష్ టెస్టు పెడతారు, అందులో తగ్గితే వాడూ ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంట్లో వేరే భాష, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు) లెక్కలోకే వస్తాడు 😀 స్కూల్‌లో అలాంటి పిల్లల శాతం చూసి భయపడటం ఏంటో.

అన్నట్టు, బిల్డర్ చెప్పిన స్కూల్ నమ్మొద్దు, బౌండరీలు మారుతుంటాయి, అడ్రస్ పెట్టి డిస్ట్రిక్ట్ సైట్‌లోనే చెక్ చేసుకోండి.