రైబోజోమ్‌ని కట్టే ప్రొటీన్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో నీట్ పిల్లల కోసం వేసే బయాలజీ బిట్లు నేను వదలకుండా చూస్తాను, ఇంటర్‌లో చెప్పేది అదే సబ్జెక్టు కాబట్టి. రైబోజోమ్ అనగానే బాక్టీరియాలో 70ఎస్ (ఎస్ అంటే ఎంత వేగంగా అడుగుకి దిగుతుందో చెప్పే కొలత), అందులో 50ఎస్ అనే పెద్ద ముక్క ఒకటి 30ఎస్ అనే చిన్న ముక్క ఒకటి, ప్రొటీన్లు తయారుచేస్తుంది, అంతే, అక్కడితో అయిపోతుంది. మరి ఆ రైబోజోమ్ ఎలా తయారవుతుందో ఎక్కడా రాదు. నాకిది చాలా పెద్ద లోటుగా అనిపిస్తుంది.

ఈ.కోలై అనే బాక్టీరియా సంగతే చూడండి. దాని 30ఎస్‌లో 1542 న్యూక్లియోటైడ్ల పొడవున్న 16ఎస్ ఆర్ఎన్ఏ ఒకటి, 21 ప్రొటీన్లు ఉంటాయి. 1968లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో నొమురా, ట్రౌబ్ అనే సైంటిస్టులిద్దరూ వీటిని విడదీసి మళ్లీ టెస్ట్ ట్యూబ్‌లో కలిపితే పనిచేసే 30ఎస్ తయారైంది. నిజంగా గొప్ప ప్రయోగం. కానీ దాంతో చాలామంది రైబోజోమ్ తనంతట తనే అమరిపోతుందని చెప్పి ఊరుకుంటున్నారు. ట్యూబ్‌లో అది జరగడానికి 40 డిగ్రీల వేడి కావాల్సి వచ్చింది, 50ఎస్‌కి అయితే 50 డిగ్రీల దాకా వెళ్లాల్సి వచ్చింది, అదే బతికున్న కణంలో 37 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాల్లో మొత్తం పని అయిపోతుంది. ఆ తేడా ఎక్కడిదో పిల్లలకి చెప్పొద్దా?

రైబోజోమ్‌లో ఉండిపోయే ప్రొటీన్లు కూడా ఎలాపడితే అలా వచ్చి అతుక్కోవు. ఎస్4, ఎస్7 లాంటి ప్రొటీన్లు (ఇక్కడ ఎస్ వాటి పేరులోది, కొలత కాదు) ముందు ఆర్ఎన్ఏని పట్టుకుంటాయి, ఎస్15 వెళ్లి అక్కడి మెలికని సరైన వైపు తిప్పితేనే ఎస్6, ఎస్18 జంటగా వచ్చి కూర్చునే చోటు ఏర్పడుతుంది. ఇవి కాకుండా సాయం చేసి వెళ్లిపోయే ప్రొటీన్లు వేరే ఉన్నాయి, ఆర్‌బీఎఫ్ఏ, రిమ్ఎం, రిమ్‌పీ, ఎరా, ఆర్‌ఎస్‌జీఏ ఇలా. స్లాబ్ పోసేటప్పుడు కొట్టే సెంట్రింగ్ లాంటివి ఇవి, పని అయ్యాక తయారైన రైబోజోమ్‌లో కనపడవు, అందుకే పుస్తకంలో బొమ్మలోకీ ఎక్కవు. ఆర్ఎన్ఏ తప్పుగా మడతపడి ఇరుక్కుపోతే కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చుపెట్టి విప్పే హెలికేజ్‌లు కూడా ఉన్నాయి. చలిలో ఆర్ఎన్ఏ మడతలు ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి, అందుకే ఆర్‌బీఎఫ్ఏ లేని ఈ.కోలై చల్లటి చోట సరిగా పెరగలేదు.

మన రైతులకి దగ్గరి విషయం ఇంకొకటి ఉంది. వరిలో అగ్గి తెగులుకి కాసుగామైసిన్ కొడతారు కదా, అది రైబోజోమ్ మీద పనిచేసే మందు, బాక్టీరియాని కూడా ఆపుతుంది. ఈ.కోలైలో 30ఎస్ తయారీ చివర్లో కేఎస్‌జీఏ అనే ప్రొటీన్ 16ఎస్ ఆర్ఎన్ఏ చివరి దగ్గర రెండు అడినైన్‌లకి (ఆర్ఎన్ఏలోని ఒక రకం అక్షరాలు) మిథైల్ గుంపులు (చిన్న రసాయన ముక్కలు) తగిలిస్తుంది, ఆ ప్రొటీన్ పాడైన బాక్టీరియా కాసుగామైసిన్‌కి లొంగదు. ఈ సంగతి 1970ల మొదట్లోనే తేలింది. అంటే తయారీలో ఒక్క చెయ్యి తగ్గితే మందే పనిచెయ్యకుండా పోతుంది, ఇంత ముఖ్యమైన విషయం మనవాళ్లకి తెలియాలి.

ఏటా జనవరిలో యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి పేపర్లు రాస్తాయి, చాలా సంతోషం. ఆయన నడిపించిన అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, ఆ టెట్రాసైక్లిన్ కుటుంబం మొత్తం పనిచేసేది 30ఎస్ మీదే. స్ట్రెప్టోమైసిన్ కూడా అంతే. ఇవన్నీ తయారైపోయిన రైబోజోమ్‌ని పట్టుకునే మందులు. మందులకి లొంగని బాక్టీరియా పెరుగుతున్న ఈ రోజుల్లో అసలు రైబోజోమ్ తయారీనే ఆపగలమా అని సైంటిస్టులు వెతుకుతున్నారు, కాకపోతే ఎరా, ఆర్‌బీఎఫ్ఏ లాంటి వాటికి మన మైటోకాండ్రియాలో కూడా చుట్టాలున్నాయి కాబట్టి మందు మన కణాల జోలికి రాకుండా చూసుకోవాలి.

ఈసారి సుబ్బారావు గారి మీద రాసేటప్పుడు ఆ పక్కనే 30ఎస్ ఎలా తయారవుతుందో బొమ్మతో సహా ఒక అరపేజీ వెయ్యండి, హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలో పనిచేసేవాళ్లని అడిగి రాయించండి, బిట్లలో కూడా ఒకటి రెండు ప్రశ్నలు దీనిమీద ఇవ్వండి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ బయాలజీ లెక్చరర్,
గుంటూరు జిల్లా