మనామాలో మేము, హనుమకొండలో మీరు

అందరికీ వందనాలు. బహ్రెయిన్ నుంచి క్షేమంగా ఇంటికి చేరాం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలనే ఉంది గానీ, దిగిన రోజు నుంచి గొంతు పట్టేసింది, మాట రావడం లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నా. మా సారును రాయమంటే "నేను రాస్తే లెక్కల పేపర్‌లా ఉంటుంది, నువ్వే రాయి" అన్నారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మా సారంటే మా ఆయన, రిటైరైన లెక్కల మాస్టారు, నేను రిటైరైన స్టాఫ్ నర్సును.

బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక తెలుగు క్రైస్తవ సంఘం ఉంది. అక్కడి పాస్టరు అయ్యగారి అమ్మాయి పెళ్ళి డిసెంబర్‌లో కుదిరింది. సరిగ్గా క్రిస్మస్ సీజన్‌లో ఆయన ఊరికి రావాల్సి వచ్చింది. వాక్యం చెప్పడానికి ఒకరు, ఆడవాళ్ళనూ జబ్బు పడ్డవాళ్ళనూ చూసుకోవడానికి ఒకరు, పెద్దవాళ్ళైన జంట ఎవరైనా ఉంటే పంపండని మన సంఘాన్ని అడిగారు. అట్లా మాకు పిలుపు వచ్చింది. "ఈ మోకాళ్ళతో మిషనరీలు అవుతారా?" అని నవ్వినవాళ్ళున్నారు. "అరబ్బుల దేశంలో మతం మార్చడానికా?" అని సూటిగా అడిగినవాళ్ళూ ఉన్నారు. అదేం లేదు. అక్కడ మన ఆరాధన మన ఆవరణలో చేసుకోవచ్చు, బయట ఎవరికీ బోధించే పని పెట్టుకోవద్దని సంఘ పెద్దలు మొదటి రోజే చెప్పారు. మేం పోయింది మన పిల్లల దగ్గరికే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఆర్మూర్ నుంచి పోయిన పిల్లలు, గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ ఇళ్ళల్లో పనికి పోయిన అక్కచెల్లెళ్ళు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి.

మా అత్తమ్మకు 88 ఏళ్ళు. ఆమెను వదిలి పోవడానికి నాకు మనసొప్పలేదు. "నేనేమన్న చిన్నపిల్లనా, పోయి రాండ్రి" అని ఆమే పంపింది. డిసెంబర్ మధ్యలో ఇక్కడ చలి ముదిరాక ఆమెకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. ఒక రాత్రి కింది వాటా చెల్లె వీడియో కాల్ చేసింది. అక్కడ ఎనిమిదిన్నర, ఇక్కడ పదకొండు. "అక్కా, అమ్మ మాట్లాడుతోంది గానీ నాకెందుకో బాగనిపిస్తలేదు" అంది. ఫోన్ అమ్మ ఛాతీ దగ్గర కదలకుండా పట్టుకోమని, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను. 32 వచ్చింది. బీరువాలో కరోనా నాటి ఆక్సీమీటర్ ఉందంటే వెతికి తీసి వేలికి పెట్టారు. 90 చూపించింది. ఆ వయసులో ఊపిరి ముప్పై దాటిందంటే తెల్లారే దాకా ఆగే పని కాదు. "ఇప్పుడే తీసుకుపోండి" అన్నాను. అంతే, ఇంకో మాట అడగలేదు. చెల్లె భర్త కారు తీశాడు, పై వాటాలో అద్దెకుండే డిగ్రీ పిల్లలిద్దరు అమ్మను కుర్చీతో సహా ఎత్తి మెట్లు దింపారు. న్యుమోనియా. మొదట్లోనే దొరికింది కాబట్టి ఆక్సిజన్, ఇంజెక్షన్లతో తేరుకుంది.

కింది వాటా చెల్లె వాళ్ళది ముస్లిం కుటుంబం. ఇరవై ఏళ్ళ పైగా ఒకే గేటు వాడుతున్నాం. ఆసుపత్రిలో మొదటి రెండు రాత్రులు ఆ చెల్లె అమ్మ మంచం పక్కన కింద చాప వేసుకుని పడుకుంది. మా అబ్బాయి పుణె నుంచి వచ్చాక కూడా ఇంటికి పొమ్మంటే పోలేదట. అబద్ధం చెప్పకుండా, ఏదీ దాచకుండా, ప్రతి పూటా జ్వరం ఎంత, ఏం తిన్నది అన్నీ నాకు మెసేజ్ పెట్టింది. దూరాన ఉన్నవాళ్ళకు టెన్షన్ ఎందుకని దాచిపెట్టేవాళ్ళను నా సర్వీసులో చాలా మందిని చూశాను. అది మంచితనమే కావచ్చు, నాకు మాత్రం ఈ పద్ధతే నచ్చుతుంది.

మన స్త్రీల సమాజం అక్కలు వంతులు వేసుకుని పగలు చూసుకున్నారు. ఆసుపత్రి ఇడ్లీ ముట్టనని అత్తమ్మ మొండికేస్తే, వడ్డేపల్లి నుంచి ఒక వదిన స్టీలు డబ్బాలో వేడి వేడి జొన్న గటక, పప్పుచారు మోసుకొచ్చింది. మేం టికెట్లు మార్చుకుని వచ్చేస్తామంటే అత్తమ్మ ఫోన్‌లో గట్టిగానే అన్నది: "పని ఒడిసినంకనే రాండ్రి. నాకు ఇక్కడ మస్తు మంది ఉన్నరు." ఆమె బెంగ అంతా ఇంటి మీద నక్షత్రం వెలిగిందా లేదా అన్నదే. కింది వాటా తమ్ముడే నిచ్చెన వేసుకుని ఎక్కి కట్టాడు. రోజూ సందె వేళ స్విచ్ వేసి, ఫొటో తీసి ఆసుపత్రికి పంపేవాడు.

ఇక మనామా. అక్కడ క్రిస్మస్‌కు సెలవు లేదు. డిసెంబర్ 16, 17 వాళ్ళ జాతీయ దినోత్సవం సెలవులు, కాబట్టి మన పిల్లలు సెమీ క్రిస్మస్, క్యారల్స్ అప్పుడే పెట్టుకుంటారు. వారపు సెలవు శుక్ర, శనివారాలు గనుక పెద్ద ఆరాధన శుక్రవారం. 24 రాత్రి ఆరాధనకు చాలా మంది డ్యూటీ దిగి తిన్నగా వచ్చారు. గుమ్మం బయట సేఫ్టీ బూట్లు కుప్ప పడ్డాయి, వాటి మీద సిమెంటు ఇంకా తడిగానే ఉంది. ఒక సిరిసిల్ల తమ్ముడు ఎలక్ట్రీషియన్. వైరింగ్‌కు వాడే ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి, మూలలు వేడి చేసి వంచి, రంగు కాగితం అంటించి, మన దగ్గర ఇంటి మీద పెట్టేలాంటి నక్షత్రమే చేశాడు. మా సారు పక్కన కూర్చుని ఐదు మూలల కోణాలు లెక్క చెప్పారు. రిటైరైనా ఆ పిచ్చి పోలేదు.

ఇళ్ళల్లో పని చేసే చెల్లెళ్ళకు దొరికేది రెండు గంటలు. అందులో రానూపోనూ అరగంట. ఒకామె వాళ్ళ మేడమ్ పంపిన కేక్ డబ్బా పట్టుకొచ్చింది. ఇంకొకామె ప్రార్థన కంటే ముందు నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపి "బీపీ చూడండి సిస్టర్" అన్నది. నేను తీసుకుపోయిన సామానులో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఆ బీపీ మిషనే.

మమ్మల్ని సిత్రా, సల్మాబాద్ కార్మికుల క్యాంపుల దాకా తిప్పిన జగిత్యాల తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. రోజంతా కంపెనీ లారీ నడిపి, రాత్రి మా కోసం స్నేహితుడి కారు తెచ్చేవాడు. పెట్రోలు డబ్బులిస్తే కోపగించుకున్నాడు. పదకొండుకు గదికి చేరి అమ్మకు ఫోన్ చేద్దామంటే ఇక్కడ ఒంటిగంటన్నర అవుతుంది. మా వల్ల ఎన్ని రోజులు ఆమెతో మాట్లాడలేకపోయాడో. వంట అన్నలకు, గది ఇచ్చిన పెద్దలకు, కాగితాలన్నీ నింపిపెట్టిన మన యూత్ పిల్లలకు కూడా వందనాలు.

ఒక సాయంత్రం సంఘ పెద్ద ఒకాయన మమ్మల్ని పాత క్రైస్తవ శ్మశానానికి తీసుకెళ్ళారు. 1890ల్లో అమెరికా నుంచి బహ్రెయిన్ వచ్చిన మిషనరీ శామ్యూల్ జ్వెమర్ గారి ఇద్దరు కూతుళ్ళ సమాధి అక్కడ ఉంది. ఒకరికి ఏడేళ్ళు, ఇంకొకరికి నాలుగు. 1904 జూలైలో వారం పదిరోజుల్లోనే ఇద్దరూ పోయారు. వాళ్ళ అమ్మ ఏమీ గారు నర్సు. అన్నేళ్ళు వార్డులో పని చేసిన నాకు ఆ రాయి దగ్గర నోట మాట రాలేదు. జూలైలో ఆ దేశపు ఎండ ఎట్లుంటుందో అక్కడి పిల్లలు చెప్తే విన్నాను. కరెంటు లేని రోజులవి.

మా సారుకు అక్కడ వేరే సంగతి గుర్తొచ్చింది. ఆయన తాతలది డోర్నకల్ దగ్గరి పల్లె. అక్కడికి సేవ చేయడానికి వచ్చిన అజరయ్య గారు తెల్లదొర కాదు, తమిళాయన. 1903లో తిరునల్వేలి సంఘాలు సొంత చందాలతో ఒక మిషనరీ సొసైటీ పెట్టి, దాని తరఫున మన వైపు మనుషులను పంపాయి. ఆయనే 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. అట్లాగే మా టికెట్లలో సగం మీరు పిడికెడు బియ్యం తీసిపెట్టి పోగుచేసిన డబ్బు. వండే ముందు గిన్నెలోంచి ఆ పిడికెడు పక్కన పెట్టిన ప్రతి ఇంటికీ పేరుపేరునా కృతజ్ఞతలు. లెక్క కాగితం మా సారు రాసిపెట్టారు, ఆదివారం మందిరంలో బోర్డుకు అంటిస్తారు. మిగిలింది కోశాధికారి గారికి అప్పజెప్పాం.

అత్తమ్మ ఇప్పుడు వాకిట్లో ఎండకు కూర్చుంటోంది. దగ్గు కొంచెం ఉంది. చూడటానికి వచ్చేవాళ్ళు సాయంత్రం రండి, మధ్యాహ్నం నిద్రపోతుంది.

ఇంకో మాట. అక్కడి పిల్లలు అమ్మలకు ఇమ్మని మా చేతికి చాలా పొట్లాలు ఇచ్చారు. ఖర్జూరాలు, దుప్పట్లు, ఒక జత చిన్న బూట్లు. వరంగల్, కరీంనగర్ వైపువి చేరిపోయాయి. కోరుట్లది, నిర్మల్‌ది మిగిలాయి. మా సారు గురువారం పొద్దున బస్సుకు బయలుదేరుతున్నారు. అటువైపు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే బుధవారం లోపు చెప్పండి, దుప్పటి బరువుగా ఉంది.