కాటప్లాజం లేపనం కాదు, పిండికట్టు

సంపాదకుడి గారికి,

పాత వైద్య పదాల మీద మీరు వేసిన వ్యాసంలో ‘కాటప్లాజం’ను ‘లేపనం’ అని తెనిగించారు. లేపనం పూసేది. కాటప్లాజం పిండి ముద్దను వేడిగా ఉడికించి, గుడ్డ మీద పరిచి, ఒంటికి కట్టేది. దీనికి తెలుగులో పిండికట్టు అనే మాట ఉండనే ఉంది. సంస్కృతంలో ఉపనాహం.

గ్రీకులో ‘ప్లాసెయిన్’ అంటే మెత్తని ముద్దను అదిమి రూపమివ్వడం. దానికి ముందు ‘కాటా’ చేరి, ముద్దను ఒంటి మీద పరచడం అనే అర్థం వచ్చింది. ప్లాస్టర్, ప్లాస్టిక్, ప్లాస్మా కూడా ఆ ధాతువు పిల్లలే. ఇదే కట్టుకు ఇంగ్లీషులో వాడుకలో నిలిచిన ‘పౌల్టీస్’ అనే మాటకు మూలం లాటిన్ ‘పుల్స్’, అంటే చిక్కటి జావ. పప్పుధాన్యాలను పల్సెస్ అనడమూ అక్కడి నుంచే (నాడి పల్స్‌కు దీనితో చుట్టరికం లేదు). ఉపనాహంలో ఉన్నది ‘నహ్’, కట్టడం. కాలికి కట్టుకునే చెప్పులు ‘ఉపానహాలు’ అయ్యాయి. వీణ తంత్రులను బిగించే కట్టునూ అమరకోశం ఉపనాహమే అంది. ఒకే మందులో లాటిన్‌వాడు వంటను, గ్రీకువాడు పరచడాన్ని, మనవాళ్లు కట్టును చూశారన్నమాట.

సుశ్రుతుడు ఉపనాహాన్ని తాప, ఊష్మ, ద్రవ స్వేదాల సరసన నాలుగో స్వేదంగా (చెమట పట్టించే చికిత్సగా) లెక్కించాడు. అంటే ఇది ఒక రకం కాపడం. పూసే ఆలేపం సంగతి ఆయన వేరే చెప్పాడు: తడి గేదెతోలంత మందం ఉండాలి, చీము పిండి తీయాల్సిన చోట తప్ప ఎండనివ్వకూడదు.

ఈ తేడా తయారీలో ఇంకా బాగా తెలుస్తుంది. పాత బ్రిటిష్ ఫార్మకోపియాలో (మందుల తయారీ గ్రంథంలో) అవిసెపిండి కట్టుకు 4 ఔన్సుల పిండి, 10 ద్రవ ఔన్సుల మరిగే నీళ్లు. నీళ్లలో పిండి కొద్దికొద్దిగా చల్లుతూ ఆపకుండా కలపాలి. పిండి మీద నీళ్లు కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఉండ లోపల దాగిన వేడి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. గుడ్డ మీద వేలి మందాన పరిచి అంచులు మడవాలి. మరీ పలచనైతే కారిపోతుంది, మరీ గట్టిదైతే ఎండి చర్మానికి అతుక్కుంటుంది. అవిసె జిగురు నీటిని పట్టి ఉంచడం వల్లే వేడి త్వరగా ఆరిపోదు. కట్టే ముందు ముంజేతి లోపలివైపు ఆనించి చూడాలి. స్పర్శ తగ్గిన చోట అసలు కట్టకూడదు, కాలినా తెలియదు.

ఆవపిండికి మాత్రం మరిగే నీళ్లు పనికిరావు. ఘాటును పుట్టించే ఎంజైమ్ ఆ వేడికి చస్తుంది. గోరువెచ్చని నీళ్లతో కలిపి, పావుగంట లోపే తీసేయాలి. ఆలస్యమైతే చర్మం పొక్కుతుంది.

ఉపనాహం విప్పే వేళ కూడా చరకుడు చెప్పాడు: రాత్రి కట్టింది పగలు, పగలు కట్టింది రాత్రి విప్పాలి, మంట పుట్టకుండా. శీతకాలంలో ఇంకొంతసేపు ఉంచవచ్చు.

సవరణ వేసేటప్పుడు ‘పిండికట్టు’ అని వేయండి. ఉపనాహం బ్రాకెట్లో ఉంటే చాలు.

— ఒక పాఠకుడు